బిగుసుకుపోయిన సీపీయూ: ‘ఏది’ అనే ముందు ‘ఎప్పుడు’ అని అడగండి

రిపేరు షాపుకు ఒకే పూట రెండు సీపీయూ డబ్బాలు వచ్చాయనుకుందాం. రెండూ విడిభాగాలు కొనుక్కుని ఇంట్లో బిగించుకున్నవే. మొదటాయన ‘గేమ్ పెట్టిన పది నిమిషాలకు స్ట్రక్ అయిపోతోంది’ అంటాడు. రెండో ఆవిడ ‘పని చేస్తున్నంతసేపూ బాగానే ఉంటుందండీ, లేచి టీ పెట్టుకొచ్చేలోపు బిగుసుకుపోతుంది’ అంటుంది. కౌంటర్ దగ్గరి కుర్రాడు రెండు డబ్బాల మీదా ఒకే స్టిక్కర్ అంటిస్తాడు: ‘హ్యాంగింగ్’. రెండింటికీ ఒకే వైద్యం మొదలవుతుంది. ముందు ఫార్మాట్ కొడతారు. తర్వాత ర్యామ్ తీసి రబ్బరుతో తుడుస్తారు. అప్పటికీ తగ్గకపోతే ‘బోర్డు పోయిందండీ’ అంటారు.

ఆ ఇద్దరూ చెప్పిన మాటల్లోనే రోగనిర్ధారణ సగం ఉంది. స్టిక్కర్ మీదికి ఎక్కనిది కూడా ఆ సగమే.

బ్రాండెడ్ కంప్యూటరైతే జవాబు చెప్పడానికి ఒక కంపెనీ ఉంటుంది. అసెంబుల్డ్ పీసీకి ఆ దిక్కు లేదు. ప్రాసెసర్ ఒకరిది, మదర్‌బోర్డు ఇంకొకరిది, ర్యామ్, ఎస్సెంపీఎస్, ఎస్ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు తలా ఒకరివి. ఏడెనిమిది కంపెనీల వస్తువులు ఒక్క డబ్బాలో ఉమ్మడి కాపురం చేస్తుంటాయి. గొడవ వచ్చినప్పుడు ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ మీదికి వేలు చూపిస్తారు. తీర్పు చెప్పే పని బిగించుకున్న మనిషి మీదే పడుతుంది. ఈ సమస్య మీద పోగుపడిన అనుభవం తక్కువేమీ కాదు. పరిశోధన పత్రాలున్నాయి, కంపెనీలే ఒప్పుకున్న లోపాలున్నాయి, బెంచీ మీద వాడే పరీక్షలున్నాయి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఏ భాగం పోయిందన్నది రెండో ప్రశ్న. ఏ స్థితిలో బిగుసుకుంటోందన్నది మొదటిది.

ఒక మాట కింద నాలుగు జబ్బులు

‘స్ట్రక్ అయింది’ అనే మాట కింద కనీసం నాలుగు వేరువేరు సంఘటనలు దాక్కుంటాయి. నీలిరంగు తెర వచ్చిందంటే అది బిగుసుకోవడం కాదు. తప్పు జరిగిందని విండోస్ కనిపెట్టి తనంతట తానే ఆగిందని అర్థం. టక్కున ఆరిపోయి మళ్ళీ లేచిందంటే అదీ బిగుసుకోవడం కాదు. చాలాసార్లు కరెంటు దారిలో ఏదో తేడా వచ్చి ఉంటుంది.  మౌస్ బాణం కదులుతూనే ఉండి, ఏది నొక్కినా తెరుచుకోకపోతే, చాలాసార్లు అన్ని పనులూ డిస్కు జవాబు కోసం క్యూలో నిలబడ్డాయన్నమాట. బాణంతో సహా అన్నీ శిలలా నిలిచిపోతే అప్పుడది అసలైన ఫ్రీజ్.

ఆ నాలుగోదానిలోనూ గుర్తులుంటాయి. క్యాప్స్‌లాక్ నొక్కి చూడండి. యూఎస్‌బీ కీబోర్డు మీది ఆ చిన్న దీపాన్ని వెలిగించేది, ఆర్పేది ఆపరేటింగ్ సిస్టమే. దీపం మారితే లోపల ఇంకా ఊపిరి ఉంది. స్పీకర్లలో పాట మామూలుగా సాగుతూ తెర మాత్రమే నిలిచిపోతే అనుమానం గ్రాఫిక్స్ వైపు తిరగాలి. విస్టా కాలం నుంచి విండోస్ గ్రాఫిక్స్ కార్డుకు మామూలుగా 2 సెకన్ల గడువు ఇస్తుంది. అప్పటికీ పలకకపోతే డ్రైవర్‌ను మళ్ళీ లేపుతుంది. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ మీటలు కలిపి నొక్కితే ఆ పని మనమే చేయించవచ్చు. పాట ఒకే ముక్క దగ్గర ‘గర్ర్ర్’మని ఆగకుండా మోగుతోందా? సౌండ్ చిప్ మెమరీలోని ఒక చిన్న ముక్కను చక్రంలా తిరుగుతూ చదువుకుంటుంది. అందులో కొత్త ధ్వని నింపాల్సింది ప్రాసెసర్. అది నింపడం మానేసింది కాబట్టే పాత ముక్కే మళ్ళీ మళ్ళీ వినిపిస్తోంది.

విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచినవాళ్ళకు ‘కెర్నెల్-పవర్ 41’ అనే ఎర్ర గుర్తు కనబడుతుంది. పేరులో పవర్ ఉంది కదా అని చాలామంది ఆ సాయంత్రమే కొత్త ఎస్సెంపీఎస్ కొనేస్తారు. నిజానికి ఆ నమోదుకు అర్థం, కిందటిసారి కంప్యూటర్ పద్ధతి ప్రకారం ఆగలేదనే. బటన్ నొక్కిపట్టి మనమే ఆర్పినా అదే పడుతుంది. అది మరణ ధ్రువీకరణ పత్రమే గానీ పోస్టుమార్టం రిపోర్టు కాదు. దాని చుట్టుపక్కల ‘డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్’ పేరుతో ఏమైనా ఉందేమో వెతకాలి. ప్రాసెసర్, మెమరీ, పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారుల్లో హార్డ్‌వేర్ స్వయంగా పట్టుకున్న తప్పులు అక్కడ రాసి ఉంటాయి. సరిదిద్దుకున్న తప్పులు కూడా అక్కడ పదేపదే కనిపిస్తే, బిగుసుకోవడానికి ముందు వచ్చే దగ్గు అదేనని అనుమానించవచ్చు.

పరిశోధనలు చెప్పినవి

ఇళ్ళలో వాడే కంప్యూటర్ల మీద జరిగిన పెద్ద అధ్యయనం ఒకటి 2011లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ నుంచి వచ్చింది. ఎడ్మండ్ నైటింగేల్, జాన్ డౌసర్, విన్స్ ఓర్గోవన్ దాదాపు పది లక్షల పీసీల క్రాష్ నివేదికలను పరిశీలించారు. ఎనిమిది నెలల్లో ప్రాసెసర్ మొత్తం 30 రోజులకు తగ్గకుండా పనిచేసిన యంత్రాలను తీసుకుంటే, ప్రాసెసర్ వైపు లోపంతో కూలినవి 190కి ఒకటి. డిస్కు లోపంతో 270కి ఒకటి. మెమరీలో ఒక్క బిట్ తప్పుతో 1,700కు ఒకటి. ఈ చివరి అంకె చూసి ర్యామ్‌కు మంచి మార్కులు వేయకూడదు. మెమరీలో కెర్నెల్ కోడ్ ఉండే కొద్ది భాగంలో పడ్డ తప్పులనే వాళ్ళు లెక్కించగలిగారు.

మన ప్రశ్నకు పనికొచ్చే సంగతులు ఆ పత్రంలో ఇంకా ఉన్నాయి. ఒకసారి హార్డ్‌వేర్ తప్పుతో కూలిన యంత్రం మళ్ళీ కూలే అవకాశం కొన్నిచోట్ల వంద రెట్ల దాకా పెరిగింది. ‘ఒక్కసారే కదా, పోనీలే’ అనుకోవడం అందుకే మంచిది కాదు. ప్రాసెసర్‌ను కంపెనీ చెప్పిన దానికంటే కొద్దిగా ఎక్కువ వేగంతో నడిపినా నమ్మకం తగ్గింది. తక్కువ వేగంతో నడిపినవి మెరుగ్గా నిలిచాయి. పేరున్న కంపెనీల యంత్రాల కంటే చిన్న అసెంబ్లర్ల యంత్రాలు ఎక్కువగా కూలాయి.

అంతకు రెండేళ్ళ ముందు, 2009లో, బియాంకా ష్రోడర్ బృందం గూగుల్ సర్వర్ల మెమరీని రెండున్నరేళ్ళ పాటు గమనించిన లెక్కలు ప్రచురించింది. ఏడాదిలో 8 శాతానికి పైగా ర్యామ్ స్టిక్కుల్లో కనీసం ఒక తప్పు కనబడింది. అప్పటిదాకా నింగి నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల మీద నెట్టేసిన తప్పుల్లో చాలా భాగం నిజానికి చిప్పులోని శాశ్వత లోపాలేనని ఆ అధ్యయనం సూచించింది.

అయితే ఈ రెండింటినీ మన సమస్యకు తెచ్చుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అవి కూలడాన్ని, తప్పులను లెక్కించాయి. పూర్తిగా బిగుసుకుపోయిన యంత్రం నివేదిక పంపలేదు. అంటే మనం వెతుకుతున్న జబ్బు ఆ లెక్కల్లో సగం కనబడి సగం జారిపోతుంది. అందువల్లే ఇక్కడ గణాంకాల కన్నా, ఒప్పుకున్న లోపాల చరిత్ర ఎక్కువ చెబుతుంది. ఆ చరిత్రను ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నతో విడగొట్టి చూద్దాం.

పని లేనప్పుడు

టీ పెట్టుకొచ్చేలోపు బిగుసుకునే డబ్బా చాలామందికి అర్థం కాదు. బరువు మోస్తున్నప్పుడు పడిపోవాలి గానీ, కూర్చున్నప్పుడు పడిపోవడమేమిటి?

ఖాళీగా ఉన్న ప్రాసెసర్ నిజంగా ఊరికే కూర్చోదు. తన భాగాలను ఒక్కొక్కటే నిద్రపుచ్చుతుంది, వోల్టేజీ దించుతుంది, పని రాగానే కన్నుమూసి తెరిచేలోపు లేస్తుంది. సెకనుకు ఎన్నోసార్లు జరిగే ఈ నిద్ర, మెలకువల మధ్యే చిక్కు ఉంది. 2013లో ఇంటెల్ హాస్వెల్ ప్రాసెసర్లు వచ్చినప్పుడు గాఢనిద్రలో అవి 12 వోల్టుల తీగ మీద కేవలం 0.05 ఆంపియర్లు లాగే స్థితి వచ్చింది. అంత తక్కువ బరువు మీద నిలకడగా ఉండటం పాత ఎస్సెంపీఎస్‌లు కొన్నిటికి చేతకాదు. బోర్డు కంపెనీలు ఆ గాఢనిద్రను ఆపుకునే వీలు బయోస్‌లో పెట్టాయి. 2017లో ఏఎండీ మొదటి తరం రైజెన్ కొన్నవాళ్ళలో, ముఖ్యంగా లినక్స్ వాడేవాళ్ళలో, ఇదే ఫిర్యాదు వచ్చింది. తర్వాతి బయోస్‌లలో ‘పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్’ అనే అంశం కనబడింది. దాన్ని ‘టిపికల్ కరెంట్ ఐడిల్’కు మారిస్తే చాలామందికి నయమైంది. ఇంటెల్ బే ట్రెయిల్ చిప్పులతో లినక్స్ నడిపినవాళ్ళు నిద్ర లోతును తగ్గించే ఒక బూట్ ఆప్షన్‌తో ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చారు.

ఈ జాతి ఫ్రీజ్‌ను నయం చేయడానికి ఖర్చు సున్నా. కానీ పట్టుకోవడమే కష్టం. రాత్రంతా ప్రైమ్95 అనే బరువు పరీక్ష నడిపితే యంత్రం చెక్కుచెదరదు, ఎందుకంటే ఆ పరీక్ష దాన్ని నిద్రపోనివ్వదు. పొద్దున్నే ‘హార్డ్‌వేర్ భేషుగ్గా ఉంది’ అని తీర్పిచ్చి, మళ్ళీ ఫార్మాట్ కొట్టడం మొదలుపెడతారు. కరెంటు ఆదా కోసం వోల్టేజీ తగ్గించుకున్న ప్రాసెసర్లదీ ఇదే కథ. అన్ని కోర్లూ పనిచేస్తున్నప్పుడు నిలబడతాయి. ఒక్క కోరు చిన్న పనికోసం ఉన్నట్టుండి గరిష్ఠ వేగానికి ఎగిరినప్పుడు తడబడతాయి. కోరు తర్వాత కోరును విడిగా పరీక్షించే కోర్‌సైక్లర్ లాంటి సాధనాలు అందుకే పుట్టాయి.

బరువు పడ్డప్పుడు

గేమ్ పెట్టిన పది నిమిషాలకు ఆగేదానికి అందరూ చెప్పే కారణం వేడి. ఇది సగమే నిజం. ఇప్పటి ప్రాసెసర్ వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటుంది, మరీ మితిమీరితే మొత్తం ఆరిపోతుంది. రైజెన్ 7000 శ్రేణిని 95 డిగ్రీల దాకా వెళ్ళి అక్కడే పనిచేసేలా తయారుచేశారు. కాబట్టి ప్రాసెసర్ వేడి ఒక్కటే శిలలా బిగుసుకుపోవడానికి కారణం కావడం తక్కువ. వేడికి అసలు బలయ్యేవి దాని చుట్టూ ఉన్నవి: బోర్డు మీద వోల్టేజీని మార్చే భాగాలు, గ్రాఫిక్స్ కార్డు కింద నక్కి కూర్చున్న ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు మీది మెమరీ. ప్రాసెసర్ అంకె చూసి ‘70 డిగ్రీలే కదా’ అని తృప్తిపడకుండా, హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి సాధనంలో ఈ మిగతా అంకెలు కూడా చూడాలి.

వేడి తర్వాత ఎస్సెంపీఎస్. పాత ఏటీఎక్స్ ప్రమాణాల ప్రకారం 12 వోల్టుల తీగ 11.4కు తగ్గకూడదు, 12.6 దాటకూడదు. కానీ మల్టీమీటర్ చూపేది సగటు. గ్రాఫిక్స్ కార్డులు మైక్రోసెకన్ల పాటు తమ లెక్కకు మించి కరెంటు గుంజుతాయి. ఆ ఉలికిపాటు మీటరుకు కనబడదు. ఈ సంగతి ప్రమాణంలోకే ఎక్కింది. 2022 నాటి ఏటీఎక్స్ 3.0 ప్రకారం 450 వాట్లకు మించిన ఎస్సెంపీఎస్ తన సామర్థ్యానికి రెట్టింపు బరువును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలి. పాత 550 వాట్ల డబ్బా మీద కొత్త కార్డు పెట్టుకునేవాళ్ళు వాట్లు కూడుకుని ‘సరిపోతుంది’ అనుకుంటే చాలదు. కార్డుకు రెండు సాకెట్లుంటే, ఒకే తీగకున్న రెండు తలలు పెట్టకుండా రెండు విడి తీగలు వాడటం ఖర్చులేని మేలు. ఫ్యాషన్ కోసం కార్డును నిలువుగా పెట్టే రైజర్ కేబుల్ పాతతరానిదైతే, బయోస్‌లో ఆ స్లాట్‌ను పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరం వేగానికి దించి చూడాలి.

ఈ విభాగంలో అందరూ చదవాల్సిన పాఠం 2024లో వచ్చింది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్న యంత్రాల్లో గేములు కూలిపోయేవి. తెర మీద పడే సందేశం ‘వీడియో మెమరీ చాలలేదు’ అని. సహజంగానే అనుమానం గ్రాఫిక్స్ కార్డు మీదికి పోయింది. కానీ అవి కూలుతున్నది చాలావరకు గేమ్ మొదట్లో, షేడర్లను సిద్ధం చేసుకుంటూ ఫైళ్ళను విప్పుకుంటున్న ఘట్టంలో. ఆ పని గ్రాఫిక్స్ కార్డుది కాదు, ప్రాసెసర్‌ది. మితిమీరిన వోల్టేజీ వల్ల ప్రాసెసర్‌లోని క్లాక్ వలయం కాలక్రమంలో దెబ్బతింటోందని ఇంటెల్ తర్వాత వివరించింది. ఆ ఏడాది ఆగస్టులో, సెప్టెంబరులో మైక్రోకోడ్ సవరణలు ఇచ్చి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్పును మాత్రం ఆ సవరణలు బాగుచేయలేవు. సందేశంలో ‘ఏది’ అన్నదానికి తప్పు జవాబు ఉంది. ‘ఎప్పుడు’ అన్నది మాత్రం మొదటి రోజు నుంచీ సరైన వైపే చూపిస్తూ ఉంది.

వేళాపాళా లేనప్పుడు

ఖాళీగా ఉన్నా, బరువు మోస్తున్నా, ఒకసారి బ్రౌజర్, ఒకసారి ఇన్‌స్టలేషన్, ఒకసారి ఊరికే బిగుసుకుంటే ముందుగా మెమరీని అనుమానించాలి. చెడిన బిట్టు మీద ఆ క్షణాన ఎవరి సామాను ఉంటే వాళ్ళు పడిపోతారు కాబట్టి జబ్బుకు ఒక ముఖం ఉండదు.

మన బెంచీల మీద దీనికి తరతరాల మందు పెన్సిల్ రబ్బరు. ఎగతాళి చేయాల్సిందేమీ లేదు, చాలాసార్లు పనిచేస్తుంది. కానీ పనిచేసింది రబ్బరా, స్టిక్కును తీసి మళ్ళీ గట్టిగా నొక్కడమా అన్నది ఎవరూ విడదీసి చూడరు. రబ్బరు బంగారు పూతను కొంచెం కొంచెం గీకుతుంది, పొడి స్లాట్‌లో పడుతుంది. ఐసోప్రొపిల్ ఆల్కహాల్, నూలు పోగులు రాలని గుడ్డ మేలు.

అసలు దోషి చాలాసార్లు పెట్టె మీది అంకె. 6000 అని ముద్రించిన డీడీఆర్5 కిట్ కొంటాం, బయోస్‌లో ఎక్స్‌పో లేదా ఎక్స్ఎంపీ నొక్కుతాం. అది ఒక్క మీటే అయినా ఓవర్‌క్లాకింగే. రైజెన్ 7000కు ఏఎండీ అధికారికంగా చెప్పిన వేగం రెండు స్టిక్కులకు 5200. నాలుగు స్టిక్కులు పెడితే 3600 మాత్రమే. ‘రెండు ఉన్నాయి, ఇంకో రెండు వేసుకుందాం’ అన్న సంక్రాంతి ఆఫర్ ఆలోచనతో ఫ్రీజ్‌లు మొదలైతే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇంకో మాట: డీడీఆర్5 బోర్డులు మొదటిసారి లేచేటప్పుడు మెమరీకి తాళం కుదుర్చుకోవడానికి నిమిషాలు తీసుకుంటాయి. తెర నల్లగా ఉంటుంది. అది ఫ్రీజ్ కాదు. కంగారుపడి బటన్ నొక్కితే కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

మెమ్‌టెస్ట్86+ రాత్రంతా నడపడం మంచి అలవాటే. దాని తీర్పును మాత్రం ఒకవైపే నమ్మాలి. తప్పు చూపిస్తే ర్యామ్ గానీ, స్లాట్ గానీ, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ గానీ, పెట్టుకున్న వేగం గానీ దోషి. తప్పు చూపించకపోతే నిర్దోషి అని కాదు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అనుభవం ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. 2022 అక్టోబరులో ఆయన సొంత డెస్క్‌టాప్‌లో కంపైల్ పనులు ఉన్నట్టుండి విఫలమవడం మొదలైంది. కొత్త కెర్నెల్‌లో తప్పుందేమోనని ముందు అనుమానించాడు. పాత కెర్నెల్‌తో లేపి చూసి, రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపితే తేలిందేమిటంటే, రెండున్నరేళ్ళు నిలకడగా పనిచేసిన ఒక ర్యామ్ స్టిక్కు చెడింది. తప్పులు సరిదిద్దే ఈసీసీ మెమరీని మామూలు వినియోగదారులకు అందకుండా చేశారని 2021 జనవరిలో ఇంటెల్‌ను దుయ్యబట్టింది ఆయనే. డీడీఆర్5 చిప్పు లోపలి ఈసీసీతో ఆ వాదం ముగియలేదు. అది చిప్పు లోపల జరిగే తప్పులనే దిద్దుతుంది, చిప్పు నుంచి ప్రాసెసర్‌కు వెళ్ళే దారిలో జరిగేవాటిని కాదు.

ఈడు మీద పడ్డప్పుడు

కొత్తలో బాగుండి, నెలలో ఏళ్ళో గడిచాక మొదలయ్యేవి వేరే జాతి. 2000 దశకం మొదట్లో చెడ్డ ఎలక్ట్రోలైట్ నింపిన కెపాసిటర్లు లోకమంతటా బోర్డుల మీద ఉబ్బి, పగిలాయి. ఆ తరం మెకానిక్కులు ఇప్పటికీ డబ్బా తెరవగానే ముందు కెపాసిటర్ల నెత్తి చూస్తారు. ఆ చూపు ఇప్పటికీ పనికొస్తుంది. 2011 జనవరిలో ఇంటెల్ తన 6వ శ్రేణి చిప్‌సెట్‌లో కొన్ని సాటా పోర్టులు కాలక్రమంలో బలహీనపడతాయని ఒప్పుకుని సరకు వెనక్కి తీసుకుంది.

వీటన్నిటిలో విచిత్రమైనది క్రూషియల్ ఎం4 ఎస్ఎస్‌డీది. మొత్తం 5,184 గంటలు, అంటే 216 రోజులు, నడవగానే అది పలకడం మానేసేది. ఆర్పి వెలిగిస్తే లేచేది, గంట తర్వాత మళ్ళీ పడిపోయేది. చిప్పులో లోపమేమీ లేదు, ఫర్మ్‌వేర్‌లోని గంటల లెక్కలో తప్పుంది. 2012 జనవరిలో వచ్చిన సవరణతో నయమైంది. సరిగ్గా గంటకొకసారి బిగుసుకుంటోందని గడియారం చూసి రాసుకున్నవాడికి ఇది వేడీ కాదు, కరెంటూ కాదు అని తేలిపోతుంది. రాసుకోనివాడు బోర్డు మారుస్తాడు.

డిస్కుల విషయంలో ఇంకో గడియారపు గుర్తు ఉంది. అరనిమిషం ఆగి తనంతట తానే మళ్ళీ కదిలితే అది డిస్కు చదవలేక తంటాలు పడుతున్న సూచన. లినక్స్ మామూలుగా జవాబు కోసం 30 సెకన్లు వేచి చూస్తుంది. డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 197వ అంశం పెరుగుతుంటే డిస్కు మీద చదవలేని చోట్లున్నాయి, బ్యాకప్ ఆ రోజే తీసుకోవాలి. 199 పెరుగుతుంటే తప్పు ఎక్కువగా డిస్కుది కాదు, సాటా కేబుల్‌ది.

మన ఇళ్ళలో

పైన చెప్పినవన్నీ ఏ దేశంలోనైనా ఉండేవే. మన గోడల వెనక ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఇన్వర్టర్ల వెనక ‘యూపీఎస్’, ‘నార్మల్’ అని ఒక మీట ఉంటుంది. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ మోడ్‌లో మార్పిడికి సాధారణంగా పది మిల్లీసెకన్ల ప్రాంతం పడుతుంది, నార్మల్ మోడ్‌లో అంతకు రెండు మూడింతలు. మంచి ఎస్సెంపీఎస్ నిండు బరువు మీద ఊపిరి బిగబట్టగలిగేది 16, 17 మిల్లీసెకన్లే. ‘కరెంటు పోయొచ్చినప్పుడల్లా’ అన్న ఫిర్యాదుకు చాలాసార్లు ఆ మీటే జవాబు.

రెండోది ఎర్త్. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల కన్వర్టర్‌లో గుచ్చితే, ఎస్సెంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ మీద మెయిన్స్‌లో సగం దాకా వోల్టేజీ తేలుతుంది. చేయి పెడితే జుమ్మంటుంది. యూఎస్‌బీ వస్తువులు ఉన్నట్టుండి తెగి అతుక్కోవడం లాంటి తిక్క గుర్తుల వెనక ఇది ఉండొచ్చు. ఇది కంప్యూటర్ కన్నా ముందు మనిషికి ప్రమాదం కాబట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి బాగుచేయించాలి. మూడోది వేసవి. రామగుండంలో, రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం ఫ్యాను లోపలికి లాగే గాలే 40 డిగ్రీలు దాటి ఉంటుంది. జనవరిలో నెగ్గిన పరీక్షకు మేలో విలువ లేదు.

నాలుగు మార్గాల మంచిచెడ్డలు

బాగుచేసే పద్ధతులు స్థూలంగా నాలుగు. ఫార్మాట్ మార్గం అందరికీ తెలుసు. అదే సమాచారాన్ని డేటా పోగొట్టుకోకుండా ఇచ్చే దారి ఒకటుంది: పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ లేపి రెండు రోజులు దాని మీదే పనిచేయడం. అక్కడా బిగుసుకుంటే విండోస్‌ను తిట్టాల్సిన పనిలేదు. అక్కడ బిగుసుకోకపోతే మాత్రం విండోస్ దోషి అని తేలిపోదు. ఆ రెండు రోజులు లోపలి డిస్కు వాడుకలో లేదు, డ్రైవర్లూ వేరు.

భాగాలు మార్చి చూసే మార్గం బలమైన సాక్ష్యం ఇస్తుంది, కానీ ఇంట్లో రెండో ఎస్సెంపీఎస్ ఎవరి దగ్గర ఉంటుంది? పైగా భాగం మార్చేటప్పుడు పాతదాన్ని ఊడదీస్తాం, కేబుళ్ళు కదుపుతాం, దుమ్ము దులుపుతాం. నయం చేసింది కొత్త భాగమో, కదపడమో తెలియదు. తెలియాలంటే పాతదాన్ని తిరిగి పెట్టి చూడాలి. జబ్బు తిరిగొస్తేనే నేరం రుజువైనట్టు. బరువు పరీక్షల మార్గం బరువు జబ్బులనే పడుతుంది. లాగ్‌లు చదివే మార్గం ఖర్చులేనిది; అయితే నిజంగా శిలలా బిగుసుకున్న యంత్రం చివరి మాట రాయకుండానే పోతుంది.

కాబట్టి ‘ఎప్పుడు’ తెలిశాక కూడా వరస చౌక నుంచి ఖరీదుకు సాగాలి. బయోస్‌ను కొత్తది చేసి, అన్నీ డిఫాల్ట్‌కు తెచ్చి, మెమరీ వేగాన్ని మామూలుకు దించాలి. ఒక్క స్టిక్కుతో, బోర్డు పుస్తకం చెప్పిన స్లాట్‌లో నడపాలి. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే కార్డు తీసేయాలి. ఇంట్లో బిగించినది కాబట్టి బిగింపునూ చూడాలి. హీట్‌సింక్ ఒక మూల అతిగా బిగిసినా, బోర్డు కింద ఉండకూడని చోట ఇత్తడి స్టాండాఫ్ మిగిలినా వింత జబ్బులొస్తాయి. ఒక్కసారి ఒక్కటే మార్చాలి. చెప్పడం సులువు. అర్ధరాత్రి విసుగులో నాలుగూ ఒకేసారి మార్చి, బాగైతే ఎందుకు బాగైందో తెలియక, బాగవ్వకపోతే ఎక్కడున్నామో తెలియక కూర్చోవడమే మనలో చాలామంది చేసేది.

బాగైందని ఎప్పుడు అనాలి

అన్ని మార్గాలూ తడబడేది చివరి మెట్టు దగ్గరే. కాకి వాలడం, తాటిపండు రాలడం మన పెద్దలకు తెలిసిన సంగతే. మూడు రోజులకు ఒకసారి బిగుసుకునే యంత్రంలో ర్యామ్ మార్చి, మూడు రోజులు నిశ్శబ్దంగా గడిచిందని సంబరపడతాం. జబ్బు యాదృచ్ఛికంగా వచ్చేదైతే, ఏమీ మార్చకపోయినా అలా మూడు రోజులు గడిచే అవకాశం దాదాపు 37 శాతం. తొమ్మిది రోజులు గడిస్తే అది 5 శాతానికి దిగుతుంది. సగటు వ్యవధికి మూడింతలు ఆగకుండా ‘నయమైంది’ అనడం జోస్యం చెప్పడమే. నెలకోసారి ఆగే యంత్రానికి ఈ లెక్కన మూడు నెలలు కావాలి. అలాంటప్పుడు, వారంటీ ఉన్న రోజుల్లోనే, అనుమానమున్న భాగాన్ని రుజువు లేకుండా మార్చించుకోవడం తప్పేమీ కాదు. తెలిసి చేసిన పందెం అది.

ఆ లెక్క వేయడానికైనా వ్యవధి తెలియాలి. వ్యవధి తెలియాలంటే రాసుకుని ఉండాలి: తేదీ, సమయం, అప్పుడేం చేస్తున్నాం, తెర, ధ్వని, దీపం ఎలా ఉన్నాయి. మొదట చెప్పుకున్న రెండో ఆవిడ దగ్గర అలాంటి కాగితం ఉంటే, టీ వేళలు వరసగా కనబడి, స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే బయోస్‌లో ఒక గడి దగ్గరికి దారి తెలిసేది. ఆ గడి మార్చాక ఆవిడ చేయాల్సిన పని ఒక్కటే. రోజూ టీ పెట్టుకుని, తిరిగొచ్చి క్యాప్స్‌లాక్ నొక్కి చూసి, కాగితం మీద ఒక గీత గీయడం. మూడు రోజులకోసారి బిగుసుకునే యంత్రమైతే, తొమ్మిది గీతలు పడేదాకా.